చక్రానికి చోటివ్వండి

ఈరోజు ఎత్తు పెంచిన జీపుల గురించి మాట్లాడుకుందాం. థార్, జిమ్నీ, గూర్ఖా, పాత జిప్సీ. ఇలాంటి బండ్లు ఇప్పుడు మన ఊళ్ళలో చాలా కనిపిస్తున్నాయి. సెలవు దొరికితే చాలు, మారేడుమిల్లి అడవి దారులకో, పాడేరు కొండలకో, వికారాబాద్ దగ్గర అనంతగిరికో బయలుదేరుతున్నారు. బండి కొన్న కొన్నాళ్ళకే చాలామంది లిఫ్ట్ కిట్ వేయిస్తున్నారు. అంటే బండిని రెండంగుళాలో మూడంగుళాలో పైకి లేపిస్తున్నారు. పెద్ద టైర్లు వేయిస్తున్నారు. రాళ్ళ దారిలో కింద తగలకుండా బండి దాటిపోతుంది. సంతోషమే.

కానీ అదే బండిలో పిల్లల్ని బడికి దింపాలి. అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కష్టం అప్పుడు తెలుస్తుంది. తారురోడ్డు మీద చిన్న అతుకు తగిలినా దెబ్బ నడుముకి తెలుస్తుంది. ఫ్లైఓవర్ మీద ప్రతి జాయింటూ లెక్కపెట్టినట్టు తగులుతుంది. వెనక సీట్లో పెద్దవాళ్ళు పైన పట్టీ పట్టుకుని దారంతా బిగుసుకుని కూర్చుంటారు.

షాపులో అడిగితే ఏమంటారు? "లిఫ్ట్ చేశాక అంతేనండీ, గట్టిగానే ఉంటుంది" అంటారు. ఆ మాటతో సరిపెట్టుకోకండి. ఎత్తు వేరు, గట్టితనం వేరు. ఎత్తు పెంచిన బండి కూడా రోడ్డు మీద హాయిగా నడుస్తుంది. అయితే దానికొక షరతుంది. చక్రం పైకీ కిందికీ కదలడానికి చోటుండాలి. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. చక్రానికి చోటివ్వండి. కొత్త సామాను కొనేముందు, చక్రం ఎక్కడ ఆగిపోతోందో కనిపెట్టండి.

ఇదెలాగో చూద్దాం. పొలం గట్టు మీద నెత్తిన తట్టతో నడిచే ఆడమనిషిని గుర్తు తెచ్చుకోండి. గట్టు ఎగుడుదిగుడుగా ఉంటుంది. అయినా తట్ట కదలదు. ఎందుకని? ఆమె మోకాళ్ళు కొంచెం వంగి ఉంటాయి. మిట్ట వస్తే మోకాలు ఇంకాస్త వంగుతుంది. పల్లం వస్తే కాస్త చాచుకుంటుంది. రెండు వైపులా చోటుంది. అదే మోకాళ్ళు నిటారుగా బిగబట్టి నడిస్తే? పల్లంలో అడుగు పడగానే ఒళ్ళంతా అదురుతుంది. తట్ట జారుతుంది. బండిలో మోకాలి పని చేసేది సస్పెన్షన్. స్ప్రింగు బరువు మోస్తుంది. షాక్ అబ్జార్బర్ ఆ స్ప్రింగు ఊపుని అదుపులో పెడుతుంది. చక్రం పైకి పోవడానికి కొంత చోటు, కిందికి జారడానికి కొంత చోటు ఉంటేనే ఈ రెండూ పని చేస్తాయి. చోటు అయిపోయిన క్షణాన ఇనుము ఇనుముని కొడుతుంది. ఆ దెబ్బ నేరుగా సీటుకి వస్తుంది.

ఇది సుఖం కోసం మాత్రమే చెబుతున్న మాట అనుకోకండి. కూర్చున్న మనిషి ఒంటికి కొన్ని కుదుపులు ఎక్కువగా తెలుస్తాయి. సెకనుకు 4 నుంచి 8 సార్లు పైకీ కిందికీ వచ్చే కుదుపు అలాంటిది. నడుం నొప్పి ఉన్నవాళ్ళకీ, గర్భిణులకీ, ముసలివాళ్ళకీ అది నిజమైన బాధ. అందుకే దీన్ని సరిచేసుకోవడం ఇంటివాళ్ళ పట్ల మన బాధ్యత.

సరే, చక్రం ఎక్కడ ఆగుతోందో ఎలా తెలుసుకోవాలి? ముందు చెవితో. పాటలు ఆపండి. ఏసీ ఆపండి. అద్దాలు ఎక్కించండి. మీకు బాగా తెలిసిన రోడ్డు మీద గంటకు 20, 30 కిలోమీటర్ల వేగంతో వెళ్ళండి. వెనక సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి. వెనక ఏం జరుగుతోందో డ్రైవరుకి సగమే తెలుస్తుంది.

మూడు రకాల శబ్దాలు వినిపించవచ్చు. మొదటిది గడగడ. చిన్న చిన్న అతుకుల మీద కూడా ఆగకుండా వచ్చే శబ్దం. రెండోది టక్. చక్రం గుంటలోకి దిగేటప్పుడు వచ్చే శబ్దం. మూడోది ధబ్. స్పీడ్ బ్రేకరు ఎక్కినప్పుడో, గుంట అవతలి అంచుకి చక్రం గుద్దుకున్నప్పుడో వచ్చే శబ్దం. మళ్ళీ చెబుతాను. గడగడ, టక్, ధబ్. ఒక్కో శబ్దానికి ఒక్కో కారణం.

ముందు గడగడ సంగతి. ఇది వినిపిస్తే మొదట టైరులో గాలి చూడండి. చాలా బండ్లలో సగం జబ్బు ఇక్కడే ఉంటుంది. ఖర్చు కూడా దాదాపు ఏమీ ఉండదు. ఆఫ్‌రోడ్ కోసం వేయించే టైర్లకి పక్క గోడలు మందంగా ఉంటాయి. రాయి కోయకుండా అలా చేస్తారు. ఆ మందానికి తోడు గాలి కూడా ఎక్కువ పట్టిస్తే టైరు మొద్దులా తయారవుతుంది. కొన్ని పంక్చర్ షాపుల్లో పెద్ద టైరు కనిపించగానే 40 పి.ఎస్.ఐ. కొట్టేస్తారు. కొందరు టైరు పక్కన అచ్చు వేసిన అంకె చూసి అంత పట్టిస్తారు. ఆ అంకె గరిష్ఠ పరిమితికి సంబంధించింది. రోజూ అంత పట్టించమని దానర్థం కాదు.

మరి ఎంత పట్టించాలి? డ్రైవరు డోరు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. కంపెనీ టైరుకి ఎంత గాలి కావాలో అక్కడ రాసి ఉంటుంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే కొలవండి. నడిచిన టైరు వేడెక్కుతుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. టైరు రకం మారితే కావలసిన గాలి కూడా కొంత మారుతుంది. ముఖ్యంగా టైరు మీద ఎల్.టి. అనే అక్షరాలుంటే అది బరువులు మోసే రకం. అంతే బరువు మోయడానికి దానికి మామూలు టైరు కన్నా కాస్త ఎక్కువ గాలి కావాలి. అందుకని స్టిక్కరు అంకె కంటే కిందికి మాత్రం సొంతంగా దిగకండి. టైరు కంపెనీవాళ్ళ దగ్గర బరువుకి తగ్గ గాలి పట్టిక ఉంటుంది. అడగండి.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. సుద్దముక్క తీసుకోండి. టైరు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా గీత గీయండి. చదునైన రోడ్డు మీద నేరుగా కొంచెం దూరం నడిపి, దిగి చూడండి. గీత మధ్యలో మాత్రమే చెరిగిందా? గాలి ఎక్కువైనట్టు. రెండు అంచుల్లోనే చెరిగిందా? తక్కువైనట్టు. అంతటా ఒకేలా చెరిగితే దగ్గర్లో ఉన్నట్టు. ఒకేసారి పది తగ్గించకండి. రెండేసి పి.ఎస్.ఐ. మార్చి, ప్రతిసారీ అదే రోడ్డు మీద నడిపి చూడండి.

గాలి సరిచేసినా గడగడ పోలేదా? అయితే బుష్‌లు చూడాలి. ఇది చాలామందికి తెలియని విషయం. జాగ్రత్తగా వినండి. చక్రాన్ని చాసిస్‌కి కలిపే ఆర్మ్‌ల చివర్లలో రబ్బరు బుష్‌లు ఉంటాయి. బుష్ లోపలి గొట్టాన్ని బోల్టు బిగించి పట్టుకుంటుంది. బయటి గొట్టం ఆర్మ్‌తో కదులుతుంది. మధ్యలో రబ్బరు మెలి తిరుగుతుంది. లిఫ్ట్ కిట్ వేసేటప్పుడు బండి పైన ఉంటుంది, చక్రాలు వేలాడుతుంటాయి. అప్పుడే బోల్టులు పూర్తిగా బిగించేస్తే ఏమవుతుంది? బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలి తిరిగిపోతుంది. ఇక అలాగే ఉండిపోతుంది. చక్రం పైకి వచ్చిన ప్రతిసారీ రబ్బరు అడ్డుపడుతుంది. బండి గట్టిగా ఉంటుంది. బుష్‌లు కూడా తొందరగా చిరుగుతాయి.

దీనికి మందు సులువు. బండిని నాలుగు చక్రాల మీద నేలపై నిలబెట్టాలి. ఆ ఆర్మ్‌ల బోల్టులు కొద్దిగా వదులు చేయాలి. బండిని నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదలాలి. తన ఎత్తులో కుదురుకున్నాక, కంపెనీ చెప్పిన టార్క్‌కి మళ్ళీ బిగించాలి. మెకానిక్‌ని ఒకే ప్రశ్న అడగండి. "బోల్టులు చక్రాలు గాల్లో ఉన్నప్పుడు బిగించారా, నేల మీద ఉన్నప్పుడు బిగించారా?" మంచి మెకానిక్‌కి ఆ ప్రశ్న వెంటనే అర్థమవుతుంది. కొత్త సామాను ఒక్కటీ కొనకుండా బండి నడక మారవచ్చు.

ఇప్పుడు రెండో శబ్దం, టక్. చక్రం గుంటలోకి దిగేటప్పుడు వచ్చేది. దీని అర్థం, కిందికి జారే చోటు అయిపోయింది. మోకాలు ముందే పూర్తిగా చాచి ఉందన్నమాట.

ఇది ఎలా జరుగుతుందంటే, జిమ్నీనే తీసుకోండి. 2023లో మన దగ్గర అమ్మకానికి వచ్చిన ఈ బండికి ముందూ వెనకా కాయిల్ స్ప్రింగులే. షాక్ అబ్జార్బర్లు విడిగా ఉంటాయి. తక్కువ ఖర్చులో ఎత్తు పెంచాలని స్ప్రింగు దగ్గర రెండంగుళాల స్పేసర్, అంటే ఒక మందపాటి బిళ్ళ పెడతారు. రెండంగుళాలంటే సుమారు 50 మిల్లీమీటర్లు. బండి లేచింది. కానీ షాక్ అబ్జార్బర్ పాతదే, దాని పొడవు మారలేదు. అంతకుముందు అది కిందికి 100 మిల్లీమీటర్లు సాగగలదు అనుకుందాం. ఇప్పుడు నిలబడి ఉండగానే అందులో 50 సాగిపోయింది. మిగిలింది 50. చక్రం గుంటలోకి దిగగానే షాక్ అబ్జార్బర్ కొసకి చేరి టక్ మంటుంది. బిళ్ళ పెట్టినందువల్ల స్ప్రింగు గట్టిపడలేదు. చక్రానికి చోటు తగ్గింది, అంతే.

2010లో వచ్చిన మొదటి తరం థార్‌లో టర్బో డీజిల్ సి.ఆర్.డి.ఇ. బండికి ముందు టార్షన్ బార్లు ఉంటాయి. మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీలవి. వాటి బోల్టు బిగిస్తే బండి ముందుభాగం లేస్తుంది. సామాను అక్కర్లేదు కాబట్టి చాలామంది అదే చేస్తారు. ఎక్కువ బిగించేకొద్దీ పై ఆర్మ్ కిందివైపు స్టాప్‌కి దగ్గరవుతుంది. "బార్ గట్టిపడింది" అనుకుంటారు. బార్ గట్టితనం అలాగే ఉంది. కిందికి జారే చోటు పోయింది. ఆ బోల్టుని కొంచెం వెనక్కి తిప్పి, ఎత్తు కాస్త తగ్గిస్తే బండి మళ్ళీ మెత్తబడుతుంది. ఆ తర్వాత చక్రాల అలైన్‌మెంట్ మాత్రం తప్పకుండా చేయించాలి.

మీ బండిలో ఎంత చోటుందో టేపుతో కొలవొచ్చు. చదును నేల మీద బండి నిలపండి. హ్యాండ్ బ్రేకు వేయండి. మిగతా చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టండి. చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకోండి. తర్వాత చాసిస్ కింద జాకీ పెట్టి మెల్లగా ఎత్తండి. చక్రం నేలని వదిలే క్షణంలో మళ్ళీ కొలవండి. ఎంత పెరిగిందో, చక్రానికి కిందికి అంత చోటున్నట్టు. మొత్తం కదలికలో మూడో వంతైనా ఇలా కిందికి ఉండాలని గుర్తు పెట్టుకోండి. అది రెండు మూడు సెంటీమీటర్లే వచ్చిందంటే, టక్ శబ్దం ఎక్కడిదో దొరికినట్టే. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకుని బండి కిందికి మాత్రం దూరకండి. ఎవరూ దూరకూడదు.

మందు ఏమిటి? పెంచిన ఎత్తుకి సరిపోయే పొడవున్న షాక్ అబ్జార్బర్ వేయించాలి. లేదా ఎత్తు ఒక అంగుళం తగ్గించుకోవాలి. రెండూ మంచి దారులే. రోడ్డు మీదే ఎక్కువ తిరిగే బండికి రెండోదే మేలు.

మూడో శబ్దం, ధబ్. చక్రం పైకి వచ్చేటప్పుడు. ఇక్కడ పైకి పోయే చోటు అయిపోయింది. పైన బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ ఉంటుంది. చక్రం వచ్చి దాన్ని గుద్దుతోంది. ఎప్పుడో ఒకసారి పెద్ద గుంటలో తగిలితే తప్పు లేదు, దాని పనే అది. ప్రతి స్పీడ్ బ్రేకరుకీ తగులుతుంటే మాత్రం ఆలోచించాలి. నిజంగా తగులుతోందా అని తేల్చుకోవాలంటే, ఆ దిమ్మ మీద బంకమట్టి ముద్ద అతికించి రోజూ వెళ్ళే దారిలో తిరిగి రండి. ముద్ద నలిగిపోయి ఉంటే తగులుతున్నట్టే. కారణాలు సాధారణంగా రెండు. బండిలో బరువు ఎక్కువైంది. లేదా లిఫ్ట్ చేసేటప్పుడు దిమ్మలు మరీ పొడుగువి వేశారు. పెద్ద టైరు మడ్‌గార్డుకి రాసుకోకుండా ఉండాలని అలా వేస్తారు. వాటిని పూర్తిగా తీసేయకండి. అవి లేకపోతే టైరూ, షాక్ అబ్జార్బరూ రెండూ పాడవుతాయి. అవసరానికి మించి పొడుగుంటే సరిపడా వాటితో మార్పించండి.

ఇంకొక పరిస్థితి ఉంది. గడగడ లేదు, టక్ లేదు, ధబ్ లేదు. శబ్దం లేకుండా బండి మొత్తం మనిషిని ఎగరేస్తుంది. అప్పుడు స్ప్రింగు గురించి అడగాలి. స్ప్రింగు ఏ బరువుకి తయారైంది? ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. ఆఫ్‌రోడ్ స్ప్రింగులు చాలావాటిని అదనపు బరువు లెక్కలో పెట్టుకుని చేస్తారు. ముందు ఇనుప బంపరు, దాని మీద వించి, పైన రూఫ్ క్యారియరు, వెనక సామాను. ఇవన్నీ ఎప్పుడూ ఉండే బండికి ఆ స్ప్రింగు సరిగ్గా సరిపోతుంది. మీ బండిలో అవేవీ లేవు, రోజూ ఒక్కరే ఆఫీసుకి వెళ్తారు. అప్పుడా స్ప్రింగు అసలు నొక్కుకోదు. ఖాళీ లారీ ఎలా ఎగిరిపడుతుందో మీరు చూసే ఉంటారు. కారణం అదే. చక్రానికి చోటుంది, కానీ ఆ చోటులోకి కదిలించేంత బరువు లేదు.

అందుకే షాపులో "రెండంగుళాల కిట్ ఉందా" అని మాత్రమే అడగకండి. "నా బండి మీద ఎప్పుడూ ఉండే అదనపు బరువు ఇన్ని కిలోలు. దానికి తగ్గ స్ప్రింగు ఇవ్వండి" అని అడగండి. మంచి కంపెనీలు ఒకే ఎత్తుకి తేలిక, మధ్యస్థం, బరువు అని వేర్వేరు స్ప్రింగులు చేస్తాయి. ఏడాదికోసారి చేసే పెద్ద ప్రయాణం కోసం బరువు రకం ఎంచుకుంటే, మిగతా రోజులన్నీ ఇంటిల్లిపాదీ ఆ కుదుపు భరించాలి. రోజువారీ బరువునే లెక్కలోకి తీసుకోండి.

కమాన్ కట్టలున్న బండ్ల సంగతి కాస్త వేరు. 1985లో వచ్చిన జిప్సీకి నాలుగు మూలలా కమాన్లే. ఎత్తు కోసం కట్టలో ఒక పట్టీ అదనంగా వేయిస్తారు. ఎత్తు వస్తుంది, గట్టితనం కూడా వస్తుంది. ఇక్కడ రెండు విషయాలు చూడండి. మొదటిది, పట్టీల మధ్య తుప్పు. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారితేనే కమాను వంగుతుంది. తుప్పు పట్టి బిగుసుకుంటే జారవు. కట్ట విప్పించి శుభ్రం చేయించండి. అరిగిపోయిన పట్టీల మధ్య ప్యాడ్‌లు మార్పించండి. రెండోది, షాకిల్. కమాను చివర వేలాడే చిన్న లింకు అది. కమాను చదునయ్యేటప్పుడు పొడుగవుతుంది. అప్పుడు షాకిల్ బయటికి ఊగి దానికి దారివ్వాలి. లిఫ్ట్ చేశాక షాకిల్ నిలువుగా నిలబడిపోతేనో, లోపలికి వాలిపోతేనో ఆ దారి మూసుకుపోతుంది. అదనపు పట్టీ కన్నా, మీ బరువుకి సరైన వంపుతో చేయించిన కొత్త కట్ట నయం.

ఇక షాక్ అబ్జార్బర్ లోపలి బిగువు. టోల్ గేటు ముందు రోడ్డు మీద వరసగా అడ్డగీతల్లాంటి చిన్న గట్లు ఉంటాయి కదా. వాటి మీద మొదటి గట్టు పర్వాలేదు, మూడోది, నాలుగోది మరీ గట్టిగా తగులుతున్నాయా? అయితే ఒక కారణం ఇది కావచ్చు. పైకి వెళ్ళిన చక్రం తిరిగి కిందికి రావడానికి షాక్ అబ్జార్బర్ మరీ ఆలస్యం చేస్తోంది. చక్రం దిగేలోపే తర్వాతి గట్టు వచ్చేస్తోంది. చోటు కొంచెం కొంచెంగా తగ్గిపోతోంది. తిప్పే నాబ్ ఉన్న రకమైతే ఒకటి రెండు క్లిక్కులు మెత్తకి తిప్పి చూడండి. నాబ్ లేకపోతే, మీ స్ప్రింగుకి జతగా కంపెనీ చెప్పిన షాక్ అబ్జార్బర్ వేయించండి. ఒక కంపెనీ స్ప్రింగూ, ఇంకో కంపెనీ షాకూ చేతికి దొరికినట్టు కలిపేస్తే ఈ ఇబ్బంది తరచుగా వస్తుంది.

మెత్తదనం కోసం చేయకూడని పని ఒకటుంది. మలుపుల్లో బండిని ఒరగనివ్వని యాంటీ రోల్ బార్ విప్పేసి రోడ్డు మీద నడపకండి. రాళ్ళ మీద అది విప్పితే లాభమే. కానీ ఎత్తు పెరిగిన బండికి బరువు పైన ఉంటుంది. హైవే మీద అడ్డంగా ఎవరైనా వస్తే, తప్పించే ఒక్క మలుపులో బండి ఒరిగిపోయే ప్రమాదం ఉంది. మెత్తదనం కోసం ప్రాణం పణంగా పెట్టకూడదు.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం గట్టిగా చెప్పింది. కాబట్టి ఇంకా లిఫ్ట్ చేయించనివాళ్ళు ముందు ఆర్టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ కంపెనీలోనూ అడిగి తెలుసుకోండి. ఇప్పటికే చేయించినవాళ్ళకి, కంపెనీ ఇచ్చిన ఎత్తుకి తిరిగి వెళ్ళడం కూడా గౌరవమైన దారే. 2020లో వచ్చిన కొత్త థార్‌కి వెనక కూడా కాయిల్ స్ప్రింగులున్నాయి. నేల నుంచి ఎత్తు 226 మిల్లీమీటర్లు. మన అడవి దారుల్లో చాలావాటికి అది చాలు.

ఇక ముగిస్తాను. విన్నదంతా గుర్తుండకపోయినా, వరస గుర్తుంచుకోండి. ముందు గాలి. తర్వాత బోల్టులు. ఆ తర్వాత చోటు కొలవడం. షాక్ అబ్జార్బరూ, స్ప్రింగూ అన్నిటికన్నా చివర. చాలామంది ఈ వరస తిరగేస్తారు. ముందు ఖరీదైన షాక్ అబ్జార్బర్లు కొంటారు, అయినా కుదుపు పోదు. ఎందుకంటే టైరులో గాలి ఎక్కువే ఉంది, బోల్టులు గాల్లో బిగించినవే ఉన్నాయి.

ఒకసారి ఒక్క మార్పే చేయండి. చేశాక అదే రోడ్డు మీద, అదే వేగంతో నడిపి చూడండి. తీర్పు మాత్రం మీరు చెప్పకండి. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళని చెప్పమనండి. వాళ్ళు పట్టీ వదిలేసి మామూలుగా కూర్చునేదాకా పని పూర్తికానట్టే.

రేపు పొద్దున బండి తీసేముందు డోరు దగ్గర స్టిక్కరు చదవండి. గాలి కొలవండి. అక్కడ మొదలుపెట్టండి.